మైనపు దారం ముడి

ఇళ్ళ కింద పాకడం నా ఉద్యోగం. మా మరూంగా ఊళ్ళో ఇళ్ళన్నీ ఎత్తు గుంజల మీద నిలబడి ఉంటాయి. ఆ గుంజల మధ్య నుంచి ఫోన్ కేబుళ్ళు పోతాయి, వాటి వెంట నేను పోతాను. చచ్చిన ఎలుకలు, పగిలిన మరుగుదొడ్డి గొట్టాలు, అరచెయ్యంత సాలీళ్ళు, లావుపాటి కప్పలు, ఎవరిదో తప్పిపోయిన పెంపుడు పిల్లి, అదీ ఎండాకాలంలో... చూడనిది లేదు. చూసి, ప్యాంటుకి చేతులు తుడుచుకుని, పైన ఇంటావిడ ఇచ్చిన టీ తాగి వచ్చేసేవాణ్ణి. అలాంటివాడికి ఒక్కసారి ఇంటి కింద వాంతయింది. పోనీ అక్కడ కుళ్ళు ఉందా అంటే లేదు, కంపు ఉందా అంటే అదీ లేదు. అద్దంలా శుభ్రంగా ఉంది. ఛీ, ఇప్పుడు తల్చుకున్నా నోట్లో చేదు ఊరుతోంది.

ఆ ఇల్లు రోసాల్బాది. అంటే అద్దె ఇల్లు, చక్కెర మిల్లు వెనక వీధిలో. ఇటలీ నుంచొచ్చిన చెరకు రైతుల పిల్ల. గ్లెన్ స్ట్రౌడ్‌ని ప్రేమించి చేసుకుంది. వాడు చెయ్యి చేసుకునే రకం. దవడ పగిలిన రోజున పిల్లని చంకనేసుకుని బయటికొచ్చేసింది. పిల్ల పేరు మిరెల్లా, ఇంకా బడికి పోయే వయసు కాదు. ఒకసారి గ్లెన్ ఆ పిల్లని ఎత్తుకుపోయి ఎక్కడో చేపలు పట్టే గుడిసెలో దాచాడు. తిరిగి దొరికేసరికి రోసాల్బా సగమైపోయింది. "ఈసారి ఎత్తుకెళ్తే నీకు కనపడదు" అని వీధిలో నిలబడి మరీ చెప్పాడు వాడు. మొగాడట!

సరే, బయటికొచ్చేసింది కదా, పీడ వదిలిందా? లేదు. ఆవిడ ఎక్కడికెళ్తే వీడక్కడ ప్రత్యక్షం. పళ్ళ డాక్టరు దగ్గరికెళ్తే ఎదురుగా కారులో కూర్చుని ఉంటాడు. ఎవరో స్నేహితురాలు రెండ్రోజులు ఉండమంటే, వీళ్ళ కంటే ముందే ఆ గుమ్మంలో ఉంటాడు. టౌన్స్‌విల్‌లో ఉన్న అక్క అసుంతాతో తప్ప రోసాల్బా ఏదీ ఎవరితోనూ చెప్పేది కాదు, అదీ ఫోన్లోనే. దాంతో అక్కనే అనుమానించింది. "నువ్వే వాడికి చెప్తున్నావే, వాడు నీకేం ఇస్తున్నాడు?" అని నానా మాటలూ అంది. అక్క ఏడ్చింది. ఆఖరికి ఫోన్ లైను మీద అనుమానం వచ్చి మా ఫోన్ డిపోకి ఫిర్యాదు ఇచ్చింది.

ఆ ఫిర్యాదు చూడ్డానికి మా ఫోర్‌మన్ స్వయంగా వెళ్ళాడు. హార్వీ స్ట్రౌడ్. అవును, గ్లెన్ కన్నతండ్రే. ఊళ్ళో అందరికీ మిస్టర్ స్ట్రౌడ్, మాకు బాస్. ఆదివారం చర్చిలో ఆయన బైబిల్ చదివితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. కొడుకు చేసిన పనికి తలెత్తుకోలేకపోతున్నానని మా దగ్గర చాలాసార్లు అన్నాడు కూడా. లైనంతా పరీక్ష చేసి వచ్చి, టీ బల్ల దగ్గర కూర్చుని, "కేబుల్ మీద ఎక్కడా గాటు కూడా లేదర్రా. పాపం, భయానికి ఆ పిల్ల మనసు చెదిరింది" అన్నాడు. మేమంతా అయ్యో పాపం అనుకున్నాం.

నాకు పని నేర్పింది కూడా ఆయనే. నేను కొత్తగా చేరినప్పుడు జేబులోంచి చాకు తీస్తే చాలు, చేతి మీద ఫెడీమని కొట్టేవాడు. "ఒరే, కత్తి లోపల పెట్టు. చెవులు లేవా నీకు? లోపల ఏముందో బయటి నుంచే వినాలి" అనేవాడు. దానికి మా దగ్గర రెండు సామాన్లుంటాయి. లైను ఒక చివర తగిలిస్తే సన్నగా కూత పంపే డబ్బా ఒకటి. రెండోది పెన్నులాంటి పుల్ల. తీగని తాకక్కర్లేదు, తొక్క ఒలవక్కర్లేదు, దగ్గరికి తెస్తే చాలు, లోపల కూత పోతుంటే ఇది బయట కూస్తుంది. మేం కూతపుల్ల అంటాం. వంద తీగల మధ్య మన తీగ ఏదో పట్టుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు.

ఆయనకి ఇంకో రెండు పట్టింపులుండేవి. ఒకటి ప్రమాణం. డిపోలో చేరిన రోజున ప్రతివాడూ ఆయన ముందు నిలబడి, తీగ మీద విన్నది నోరు దాటనివ్వనని బైబిల్ మీద చెయ్యేసి చెప్పాలి. రెండోది కేబుళ్ళు కట్టే పద్ధతి. తీగల్ని గుత్తిగా చేర్చి మైనపు దారంతో బిగించి ముడేస్తాం కదా, ఎవడి ముడి వాడిది, చేతిరాతలాగా. ఆయన ముడి రెండు చుట్లు తిరిగి కిందికి దిగుతుంది, చివర ఏటవాలుగా కోసి, అగ్గిపుల్లతో కాల్చి, వేలితో నొక్కుతాడు. చీకట్లో తడిమినా ఇది బాస్ ముడి అని మేం చెప్పగలం. మేం ఎంత చచ్చినా అంత అందంగా వచ్చేది కాదు.

ఆ ఏడు వానలు దంచేస్తున్నాయి. రోసాల్బా ఫోన్ చచ్చిపోయిందని డిపోకి కబురొచ్చింది. బాస్ ఏదో మీటింగ్‌కి కెయిర్న్స్ వెళ్ళాడు. ఊళ్ళో ఉంటే ఆ పిలుపు నా దాకా వచ్చేదే కాదు, ఆ ఇంటి పనులన్నీ తనే చూసుకునేవాడు. కోడలి మీద జాలి అనుకున్నాం మేము. జాలి! నా మొహం.

తలుపు ఓరగా తీసి చూసింది రోసాల్బా. మనిషి పుల్లలా అయిపోయింది.

"మా మామ పంపాడా మిమ్మల్ని?"

"నన్నెవరూ పంపలేదు తల్లీ. నీ ఫోన్ చచ్చిందన్నావు, బతికిద్దామని వచ్చా."

వెనక నుంచి మిరెల్లా తొంగి చూసింది. "నీ జుట్టేమో ఎర్రగా ఉంది, మరి నిన్ను నీలం అని బ్లూయీ అంటారేం?" అంది.

"మన ఊళ్ళో తెలివైనవాళ్ళు లేక," అన్నాను. పిల్ల నవ్వింది. తల్లి నవ్వలేదు.

ఫోన్ దగ్గర కూత డబ్బా తగిలించి, వీధి చివర కేబుల్ గుంత దగ్గరికెళ్ళాను. మూత లేపితే యాక్, ఆ కంపు! మిల్లు మడ్డి కారి వాన నీళ్ళలో కలిసి నురగ కట్టింది. దాన్నిండా కప్పల గుడ్లు, జిగురు తాళ్ళలా కేబుళ్ళకి చుట్టుకున్నాయి. ఉబ్బిన ఎలుక ఒకటి తేలుతోంది. బకెట్‌తో తోడి పోశాను, ఆవిడ తీగల అతుకు నీళ్ళలో నానిపోయి ఉంటే తుడిచి ఆరబెట్టి మళ్ళీ అతికాను. అతికాక ఇంకోసారి వినాలి, అది అలవాటు. కూతపుల్ల దగ్గర పెట్టాను. ఒక్కో ఫోన్‌కి రెండు తీగల జత ఉంటుంది, ఆవిడ జత గట్టిగా కూసింది. బాగుంది. పుల్ల జేబులో పెట్టుకోబోతుంటే పక్క నుంచి ఇంకో కూత, సన్నగా, జలుబు చేసిన గొంతులా.

అది ఎవరికీ ఇవ్వని ఖాళీ జత. నోరు మూసుకుని ఉండాల్సింది. తడి వల్లేమో అని స్పిరిట్ పెట్టి తుడిచాను, ఆరబెట్టాను, పక్కకి జరిపి పట్టుకున్నాను. ఉహూఁ, కూస్తూనే ఉంది. రెంటికీ ఎక్కడా అతుకు లేదు, గాటు లేదు. ఆవిడ లైన్లో కూత దీంట్లోకి ఎలా దూరింది?

పుల్ల పట్టుకుని దాని వెంట పోయాను. తర్వాతి గుంత, మలుపు దగ్గర స్తంభం, ఆ పక్క వీధి స్తంభం. అక్కడి నుంచి తీగ దిగి ఒక ఇంటి వరండాలోకి పోతోంది. ఆ ఇంటి ముందు రోజూ నేను వ్యాన్ ఆపి హారన్ కొడతాను. అది బాస్ ఇల్లు.

ఆయన భార్య ఈనిడ్ పిండి చేతులతో తలుపు తీసింది. "హార్వీ ఊళ్ళో లేడు కదా బ్లూయీ."

"తెలుసమ్మా. మీ లైన్లో ఏదో తేడా ఉంది, ఒక్కసారి వరండాలో చూసి పోతాను."

"చూసుకో. సామాను మాత్రం కదపకు, గొడవ చేస్తాడు. రోజూ సాయంత్రం భోజనానికి ముందు అక్కడే ఆయన రేడియో. ఎక్కడెక్కడి దేశాలవో వింటాడట. నన్ను దుమ్ము కూడా దులపనివ్వడు."

పేము కుర్చీ. దాని మీద పూల గలీబు వేసిన దిండు, కూర్చుని కూర్చుని మధ్యలో గుంట పడింది. పక్కన చిన్న బల్ల, బల్ల మీద చిన్న డబ్బా, చెవులకి పెట్టుకునే ఫోన్లు, కళ్ళజోడు, ప్లేటులో బిస్కెట్ పొడి. రేడియో ఎక్కడా లేదు. మీట నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను. కూత! రోసాల్బా ఇంట్లో నేను వదిలొచ్చిన నా కూత డబ్బా మోగుతోంది అందులో. దాని వెనకాల ఇంకేమీ లేదు. రోజూ ఉండేది ఏమిటో మాత్రం నాకు అర్థమైంది.

ఈనిడ్ గుమ్మడికాయ స్కోన్ రొట్టె తెచ్చి చేతిలో పెట్టింది. "అలా చూస్తావేం, తిను, వేడిగా ఉంది." నేనొచ్చానని ఆయనకి చెప్పకండమ్మా, సామాను దగ్గరికి రానిచ్చారని మిమ్మల్నే తిడతాడు అని చెప్పి, దాన్ని నోట్లో పెట్టుకున్నాను. గేటు దాటాక ఉమ్మేశాను.

తిరిగొచ్చి రోసాల్బా ఇంటి కింద దూరాను. ఫోన్ ఉన్న చోటుకి సరిగ్గా కింద, దూలం వెనకాల, మామూలుగా వెళ్ళేవాడికి కనపడని చోట ఉంది. చిన్న తీగచుట్ట. కేబుల్‌ని కోయలేదు, గీరలేదు, దాని పక్కన ఒదిగి పడుకుని ఉంది. పైన ఫోన్లో మాట్లాడే ప్రతి మాటా బయటి నుంచే పట్టుకుని ఖాళీ జతలోకి పంపుతోంది. మరి ఫిర్యాదు పరీక్షలో గాటు లేదని చెప్పాడు కదా పెద్దమనిషి, అబద్ధమేం కాదు. గాటు లేదు! చుట్ట చుట్టూ సాలెగూడు కూడా లేదు. ఎవడో వచ్చి తుడుస్తున్నాడు. ఇక దాన్ని కట్టిన దారం చూశాను. మైనపు దారం. రెండు చుట్లు తిరిగి కిందికి దిగిన ముడి, ఏటవాలుగా కోసిన చివర, కాల్చి నొక్కిన వేలిముద్ర.

నీచపు పని చేసేవాడు ఏ పురికొసతోనో చుట్టి పారేస్తాడు. ఈయన కూర్చుని, తీరిగ్గా, అందంగా కట్టుకున్నాడు. వంకర ముడేస్తే ఆ చేతులు ఒప్పుకోవు. కోడలు దెబ్బలు తిని, పిల్లని పట్టుకుని, ఏడుస్తూ అక్కకి చెప్పుకునే మాటలు దిండు మీద కూర్చుని బిస్కెట్లు నములుతూ వినడానికి ఆ చేతులు ఒప్పుకున్నాయి. థూ. అప్పుడయింది నాకు వాంతి.

మొహం కడుక్కుని పైకెళ్ళి రోసాల్బాకి అంతా చెప్పాను. కేకలు పెడుతుందనుకున్నాను. కుర్చీలో కూలబడింది.

"అయితే అసుంతా చెప్పలేదన్నమాట," అంది.

"లేదు తల్లీ."

"నేనేమన్నానో తెలుసా మా అక్కని? నువ్వు నా తోడబుట్టినదానివే కాదన్నాను." అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ చటుక్కున ఆగింది. "బ్లూయీ, ఫోన్ పోకముందు, వేరే దిక్కు లేక మళ్ళీ అక్కకే చెప్పాను. రేపు పొద్దున బస్సులో వచ్చేస్తున్నామని, మిల్లు గేటు దగ్గర ఎక్కుతామని. వాడు అక్కడే ఉంటాడు. పిల్లని లాక్కుపోతాడు."

"పోలీసుకి చెబుదాం."

"సార్జెంటా? గ్లెన్ పడవలో చేపలు పట్టేది ఎవరనుకుంటున్నారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఉండు, ముందు ఆ దరిద్రాన్ని పీకి పారేస్తాను," అని లేచాను.

"పీకొద్దు," అంది. కళ్ళు తుడుచుకుంది. "విననివ్వండి. ఇన్నాళ్ళూ నేను చెప్పిన నిజాలన్నీ విన్నాడు కదా మా మామ. ఒక్క అబద్ధం కూడా వినాలి."

నాకు వెలగడానికి కాస్త టైం పట్టింది. ఆవిడకి అప్పటికే అంతా తయారుగా ఉంది. నేను ఇంటికెళ్ళి మా ఆవిడ డాట్‌కి చెప్పాను. డాట్ మా ఫోన్ నుంచి టౌన్స్‌విల్‌కి చేసి అసుంతాకి విషయం చెప్పింది, సాయంత్రం చెల్లెలు ఏమంటే దానికల్లా ఊఁ కొట్టమంది. ఫోన్ పెట్టేసి డాట్ ఒకటే తిట్లు. "పెద్దమనిషట! నిన్న చర్చిలో నా చెయ్యి పట్టుకుని మాట్లాడాడు. ఈ చెయ్యి దేంతో కడుక్కోను?" అని సబ్బు పెట్టి నిజంగానే కడుక్కుంది.

సాయంత్రానికి బాస్ కెయిర్న్స్ నుంచి వచ్చేశాడు. ఆయన కారు వీధిలో కనిపించాక కాస్త ఆగి, భోజనాల ముందు రోసాల్బా ఫోన్ తీసింది. నేను పక్కనే నిలబడ్డాను. "అక్కా, బస్సు వద్దు, భయంగా ఉంది. రేపు పొద్దున కెయిర్న్స్ రైలెక్కుతాం. అక్కడ ఎవరికీ తెలీని చోట ఉంటాం," అంది వణుకుతూ. ఆ వణుకు నటన కాదు. అవతల అసుంతా మాత్రం నాటకంలో వేషం దొరికినట్టు రెచ్చిపోయింది. "అయ్యో అయ్యో, కెయిర్న్సా! రైల్లోనా! పొద్దున బండికేనా! స్టేషన్‌లోనే ఎక్కుతావా!" ఫోన్లోంచి ఆ గొంతు గది అంతా వినపడింది. రోసాల్బా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకైతే తెలీలేదు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, "అక్కా, నన్ను క్షమించవే," అంది. ఆ ఒక్కటీ అబద్ధం కాదని అవతల ఆవిడకీ తెలిసింది. ఒక్కసారిగా అరుపులు ఆగిపోయాయి.

మర్నాడు వ్యాన్ వెనకాల కేబుల్ చుట్టల మధ్య తల్లీపిల్లలు పడుకున్నారు. పైన టార్పాలిన్ కప్పాను. ఆ టార్పాలిన్ కింద గ్రీజు కంపు, తడి సంచుల కంపు. "బ్లూయీ, నీ బండి ఛండాలంగా ఉంది," అని వినపడింది చిన్న గొంతు. "నోరు మూసుకో తల్లీ, నీ బండి కొనుక్కున్నాక మాట్లాడుదువు గాని," అన్నాను. మిల్లు గేటు ముందు నుంచే, కెయిర్న్స్‌కి ఎదురు దిక్కున, దక్షిణానికి పోయాం. అక్కడ ఎవరూ లేరు. గ్లెన్ స్టేషన్‌లో ఉన్నాడు. తండ్రి కూడా ఉన్నాడట, తలనొప్పని డిపోకి సెలవు చెప్పి. ప్లాట్‌ఫారం రెండు చివర్లా చెరొకరు నిలబడి రైలు పెట్టె పెట్టె వెతికారని స్టేషన్ మాస్టరు తర్వాత చెప్పాడు.

వంతెన అవతల అసుంతా కారు ఆగి ఉంది, తన ఇల్లు వాడికి తెలుసు కనుక వేరే ఊళ్ళో చోటు చూసి పెట్టిందట. అక్కాచెల్లెళ్ళు రోడ్డు మధ్యలో వానలో ఒకరినొకరు పట్టుకుని నిలబడిపోయారు. వెనక వచ్చిన చెరకు లారీవాడు హారన్ కొట్టి కొట్టి చివరికి పక్క నుంచి పోయాడు. పిల్ల కారెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది.

సాయంత్రం రోసాల్బా ఖాళీ చేసిన ఇంటికి వెళ్ళాను, లైను తీసేయాలి కదా, నా డ్యూటీ. గదుల్లో ఏమీ లేదు. పిల్ల చెప్పు ఒకటి మిగిలిపోయింది, జేబులో పెట్టుకున్నాను. ఫోన్ మోగింది. మిరెల్లా. తల్లికి తెలీకుండా ఎవరి చేతో పాత నంబరు కలిపించుకుని, చేరాం, మాకరోనీ తిన్నాం, ఇక్కడ కుక్క ఉంది అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఊరి పేరు, వీధి పేరు చెప్పబోతుంటే నేను గబగబా, "చాలు తల్లీ, ఇక పడుకో," అని పెట్టేశాను.

గడియారం చూశాను. భోజనానికి ముందు వేళ. రైలు దగ్గర మోసపోయినవాడు ఇంకెక్కడుంటాడు? మళ్ళీ ఫోన్ తీశాను. ఎవరికీ డయల్ చెయ్యలేదు.

"ఏం హార్వీ, వింటున్నావా?" అన్నాను.

ఆయన్ని ఇన్నేళ్ళలో ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, మీరు అనడం మానలేదు. ఇక ఆ మర్యాద నా నోటికి రాలేదు.

"దిండు సర్దుకున్నావా? బిస్కెట్లు తెచ్చుకున్నావా? కడుపు నిండిందా ఆ పిల్ల ఏడుపులకి? నీ కొడుకు చేత్తో కొట్టాడు, ఆ దెబ్బకి ఊళ్ళో పేరుంది. నీ దెబ్బకి పేరు కూడా లేదు కదరా. ఆ దవడ పగిలినందుకు ఏడుస్తుంటే విన్నావు, విని వెళ్ళి వాడికే చెప్పావు. పైన మళ్ళీ మా ముందు కూర్చుని, పాపం మనసు చెదిరిందర్రా అన్నావు. నాకు నిన్ను చూస్తే కోపం కూడా రావట్లేదు. రోత పుడుతోంది."

ఫోన్‌ని కిటికీ వైపు పెట్టాను. ఖాళీ ఇంట్లో వాన చప్పుడు వినిపించాను వాడికి.

"మనవరాలు ఎక్కడుందో చెప్పమంటావా? నాకు తెలుసు. ఏ ఊరో తెలుసు. ఇప్పుడే ఏం తిందో కూడా తెలుసు, నువ్వూ విన్నావుగా. కానీ ఏం చెయ్యను హార్వీ, తీగ మీద విన్నది నోరు దాటనివ్వనని ప్రమాణం చేశాను. బైబిల్ మీద చెయ్యేసి, నీ ముందు నిలబడి చేశాను. నువ్వే చేయించావు."

అవతలి నుంచి ఏమీ రాలేదు. రాదు కూడా. వినడానికి మాత్రమే కట్టుకున్న తీగ అది, అటు నుంచి గొంతు చించుకున్నా ఇటు పలకదు. ఫోన్ పెట్టేసి ఇంటి కిందికి దిగాను. కట్టర్ తీసి, కేబుల్‌కి అటూ ఇటూ పెట్టి, చుట్టతో సహా కసుక్కున కోశాను.

మర్నాడు పొద్దున ఆ ముక్కని డిపోలో టీ బల్ల మీద, చక్కెర డబ్బా పక్కన పెట్టాను. ఒక్కొక్కడే వచ్చాడు, ముడి చూశాడు, కప్పు కింద పెట్టేశాడు. ఇది ఎవరిదని ఒక్కడూ అడగలేదు.